మంట ఆరాకే నీళ్ళు ఎక్కాయి

ప్రెజెంటర్: వందనాలు అక్కా. ఈ ఎపిసోడ్ నరసాపురం దగ్గర మీ ఇంటి వరండాలోనే రికార్డ్ చేస్తున్నాం. వెనక ఏదో చప్పుడు వస్తోంది, శ్రోతలు ఏమీ అనుకోవద్దు.

అక్క: వందనాలమ్మా. అది పక్క రొయ్యల చెరువులో ఏరేటర్ల చప్పుడు, నీళ్ళలో గాలి కలిపే యంత్రాలు. మా పిల్లల సైన్స్ క్లాసులో అది కూడా ఒక పాఠమే.

ప్రెజెంటర్: ఇంట్లో చదివించే తల్లులు చాలామంది బైబిలు, తెలుగు, లెక్కలు చెప్పేస్తున్నారు. ఫిజిక్స్, కెమిస్ట్రీ అనేసరికి టెన్షన్. ల్యాబ్ లేదు కదా అంటారు.

అక్క: ల్యాబ్ సంగతి తర్వాత. మన ఇళ్ళలో పిల్లలు "ఇది ఎందుకిలా అయింది?" అని అడిగితే, "దేవుడు అలా చేశాడు నాన్నా" అనేస్తాం. ఆ మాట నిజమే. కానీ దానితో పిల్లల నోరు మూయించకూడదు. 111వ కీర్తన రెండో వచనం చూడు. దేవుని క్రియలంటే ఇష్టమున్నవాళ్ళు వాటిని విచారిస్తారని ఉంటుంది. కేంబ్రిడ్జిలో 1874లో తెరిచిన కావెండిష్ ఫిజిక్స్ ల్యాబ్ తలుపుల మీద ఆ వచనమే లాటిన్‌లో చెక్కి ఉంది. చేసింది దేవుడే. ఎలా చేశాడో చూడమని కూడా ఆయనే అంటున్నాడు కదా!

ప్రెజెంటర్: మొదట్నుంచీ మీరు ఇలాగే చెప్పేవారా?

అక్క: లేదమ్మా. కొవ్వొత్తి దగ్గర నేర్చుకున్నాను. పళ్ళెంలో నీళ్ళు పోసి, మధ్యలో కొవ్వొత్తి వెలిగించి, గాజు గ్లాసు బోర్లించాను. కాసేపటికి మంట ఆరింది, నీళ్ళు గ్లాసులోకి ఎక్కాయి. "ఆక్సిజన్ అయిపోయింది, ఆ ఖాళీలోకి నీళ్ళొచ్చాయి" అని చెప్పేశాను. నేను చిన్నప్పుడు నేర్చుకుంది అదే. మా చిన్నమ్మాయికి తొమ్మిదేళ్ళు. మళ్ళీ చెయ్యమంది. మూడోసారి బల్ల మీద గడ్డం ఆనించి, కన్నార్పకుండా చూసి, "అమ్మా, మంట ఉన్నంతసేపూ నీళ్ళు పెద్దగా కదల్లేదు. ఆరాకే గబగబా ఎక్కాయి" అంది.

ప్రెజెంటర్: అవును కదా! ఆక్సిజన్ ఖర్చవుతుంటే మంట ఉన్నప్పుడే ఎక్కాలి.

అక్క: అదే. ఆ రాత్రి కూర్చుని చదివాను. మంటకి లోపలి గాలి వేడెక్కి వ్యాకోచిస్తుంది. కొంత గాలి గ్లాసు అంచు కిందనుంచి బుడగలుగా బయటికి పోతుంది. మంట ఆరగానే మిగిలిన గాలి చల్లబడి ముడుచుకుంటుంది, లోపలి ఆవిరి నీరవుతుంది. అప్పుడు బయటి గాలి ఒత్తిడి నీళ్ళని లోపలికి నెడుతుంది. ఆక్సిజన్ ఖర్చవడం నిజమే గానీ, దాని బదులు కార్బన్ డయాక్సైడ్, నీటి ఆవిరి పుడతాయి. పైగా ఆక్సిజన్ మొత్తం అయిపోకముందే మంట ఆరిపోతుంది. మర్నాడు అదే గ్లాసు కింద మూడు కొవ్వొత్తులు పెట్టాం. నీళ్ళు ఇంకా పైకి ఎక్కాయి. అదే గ్లాసులో ఆక్సిజన్ పెరగదు కదా, పెరిగింది వేడి. "నేను తప్పు చెప్పానమ్మా, నువ్వు చూసిందే సరైంది" అన్నాను. సంఘంలో సాక్ష్యం చెప్పినంత బరువుగా అనిపించింది.

ప్రెజెంటర్: కొవ్వొత్తి అంటే సైంటిస్టు ఫారడే గుర్తొస్తాడు.

అక్క: మా పిల్లలకి ఆయన చాలా ఇష్టం. కమ్మరి కొడుకు, పుస్తకాలు బైండింగ్ చేసే పనిలో కుదిరాడు. లండన్‌లో ఓ చిన్న సంఘానికి పెద్దగా కూడా ఉన్నాడు. 1860 క్రిస్మస్ సెలవుల్లో పిల్లలకి ఒక్క కొవ్వొత్తి మీదే ఆరు ఉపన్యాసాలు మొదలుపెట్టాడు.

ప్రెజెంటర్: మరి ఫిజిక్స్?

అక్క: ఇక్కడి రేవులో సఖినేటిపల్లి వెళ్ళే పంటు ఉంది కదా, బండ్లని కూడా గోదావరి దాటించే పెద్ద పడవ. మావాడిని గట్టు మీద నిలబెట్టి, పంటు పక్క మీద ఒక గుర్తు చూసుకోమన్నాను. ఒక్కో బండి ఎక్కుతుంటే ఆ గుర్తు నీటికి దగ్గరవుతోంది. ఎక్కిన బరువెంతో అంత బరువు నీళ్ళని అదనంగా పక్కకి తోస్తుంది. ఇంటికొచ్చి స్టీలు గిన్నెని నీళ్ళలో తేల్చి, రూపాయి బిళ్ళలు వేస్తూ స్కెచ్ పెన్నుతో గీతలు పెట్టాడు. సూత్రం ఆ తర్వాతే రాయించాను.

ప్రెజెంటర్: కెమిస్ట్రీకి?

అక్క: పసుపు నీళ్ళలో కాస్త సున్నం కలిపితే పారాణి ఎరుపు. నిమ్మరసం పిండితే మళ్ళీ పసుపు. చెరువుల్లో రైతులు సున్నం చల్లేది కూడా నీటి పీహెచ్, అంటే ఆమ్లమా క్షారమా అని చెప్పే కొలత, పెంచడానికే. అది అర్థమైతే ఆమ్లం, క్షారం పిల్లలకి భయం కాదు. ఒక్క జాగ్రత్త. రాళ్ళ సున్నంలో నీళ్ళు పోస్తే సలసలా కాగి చిందుతుంది, పిల్లల్ని దగ్గరికి రానివ్వకండి. బాత్రూమ్ యాసిడ్, బ్లీచింగ్ ఎప్పుడూ కలపొద్దు, విషవాయువు వస్తుంది.

ప్రెజెంటర్: ఈ వారం ఏం చేస్తున్నారు?

అక్క: కొబ్బరినూనె. దాదాపు 24 డిగ్రీలకి గడ్డకడుతుంది కదా. నీళ్ళలో ఐసు తేలుతుంది. మరి కరిగిన నూనెలో గడ్డ నూనె వేస్తే తేలుతుందా, మునుగుతుందా అని పిల్లలిద్దరూ పందెం కట్టారు. పొద్దున్నుంచి గిన్నె ఫ్రిజ్‌లో ఉంది. రా, వంటింట్లోకి వెళ్ళి చూద్దాం. నువ్వేమంటావు?

ప్రెజెంటర్: తేలుతుందనుకుంటున్నా.

అక్క: మావాడూ అదే అన్నాడు. చిన్నమ్మాయి మునుగుతుందంది. ఇదిగో, గడ్డ వేస్తున్నా... చూశావా, అడుక్కి పోయింది.