ఇంటికి తిరిగొచ్చే నిండు బాటిల్

అందరికీ నమస్కారం. పదో తరగతి పిల్లలూ, వెనక నిలబడ్డ అమ్మానాన్నలూ, ఎక్కువసేపు మీ బుర్ర తినను.

మా వీధిలో తొమ్మిదో తరగతి చదివే అమ్మాయి ఉంది. పొద్దున్నే వాళ్లమ్మ లీటరు స్టీల్ బాటిల్ నింపి బ్యాగులో పెడుతుంది, సాయంత్రానికి అది మూత కూడా తియ్యకుండా అలాగే తిరిగొస్తుంది, ఇక "నీళ్లు తాగడానికి కూడా బద్ధకమేనా" అని రోజూ తిట్లే. ఒకరోజు నేనే అడిగాను. "తాగితే వెళ్లాలి కదా తాతయ్యా, మా బడి బాత్రూమ్ తలుపుకి గడియ లేదు" అంది. అది బద్ధకం కాదండీ, లెక్క వేసుకుని మానుకోవడం.

నీళ్లు తాగితే జ్ఞాపకశక్తి పెరుగుతుందని నేను చెప్పను. అలా అయితే చెరువులో చేపే స్టేట్ ఫస్ట్ రావాలి. కానీ ఒంటి బరువులో ఒకటి రెండు శాతం నీళ్లు తగ్గితే చాలు, అంటే 50 కేజీల పిల్లాడికి అర లీటరు నుంచి లీటరు, మార్చి ఎండలో ఆటల పీరియడ్‌ అయ్యేసరికి అర లీటరు దాకా చెమటలోనే పోవచ్చు, తల బరువెక్కుతుంది, చిరాకొస్తుంది, ధ్యాస జారుతుంది. ధ్యాస లేకుండా విన్న పాఠం లోపలికి ఎక్కదు. మర్చిపోయాం అంటాం గానీ, అసలు ఎక్కితే కదా మర్చిపోవడానికి!

2011లో లండన్ కింగ్స్ కాలేజీ వాళ్ల పరిశోధన ఒకటి అచ్చయింది. టీనేజీ పిల్లల చేత గంటన్నర సైకిల్ తొక్కించి, బాగా చెమట పట్టించి, ఎమ్మారై తీస్తూ బుర్రకి పని పెట్టే పరీక్ష ఇచ్చారు. పరీక్ష మామూలుగానే చేశారు, కాకపోతే దానికి మెదడు మామూలు కంటే ఎక్కువ కష్టపడింది. గాలి తగ్గిన సైకిల్ మీద బడికి వెళ్లినట్టన్నమాట, చేరతాం గానీ కాళ్లు పీక్కుపోతాయి. ఉన్నది పదిమందే, చిన్న పరిశోధన, దాన్నే పట్టుకుని ఊరేగక్కర్లేదు, నాకు మాత్రం నమ్మబుద్ధేసింది.

ఎంత తాగాలంటారా, 14 ఏళ్లు దాటిన అబ్బాయిలకి రోజుకి 2.5 లీటర్లు, అమ్మాయిలకి 2 లీటర్లు అని యూరప్ వాళ్ల లెక్క, అదీ పప్పుచారు, మజ్జిగ, పుచ్చకాయ అన్నింట్లో వచ్చే నీళ్లూ కలిపి. మన ఎండలకి ఇంకాస్త ఎక్కువే కావాలి. పరీక్ష హాలు ముందు గటగటా లీటరు తాగేసి లోపలికి పరిగెత్తకండి, మొదటి అరగంట ఆ టెన్షన్‌తోనే సరిపోతుంది.

కేరళ బళ్లలో 2019లో నీళ్లు తాగమని గంట కొట్టడం మొదలెట్టారు, తర్వాత మన దగ్గరా కొట్టారు. సంతోషం. గంట వచ్చింది గానీ గడియ రాలేదు. మాస్టార్లకి ఒక్క మాట, పాఠం మధ్యలో చిటికెన వేలు చూపిస్తే "ఇప్పుడేనా" అని కసరకండి.

ఇందాక మీ ఆయమ్మని అడిగాను, ఆడపిల్లల వైపు మూడు తలుపుల్లో ఒక్కదానికే గడియ ఉందట. ఇలాంటి మీటింగులకి వచ్చేటప్పుడు నేను రెండు మూడు గడియలు సంచిలో వేసుకునే వస్తాను. హెడ్మాస్టరు గారూ, స్క్రూడ్రైవర్ ఒకటి ఇప్పించండి.