పెదనాన్న మెడ తిప్పకుండా లైవ్ వీడియో తిప్పడం ఎలా?

హాయ్ అండీ, అందరూ బాగున్నారా? ఇవాళ్టి వ్లాగ్ మా అమ్మ కోసం. నా కిటికీలోంచి ఏం కనిపిస్తుందో చూడాలని ఆవిడకి ఎప్పటి నుంచో సరదా. రోజూ కాల్ చేసి చూపించే ఓపిక నాకు లేదు. అందుకే కిటికీ దగ్గర ఒక యూఎస్‌బీ వెబ్‌క్యామ్, దాని వెనకాల రాస్ప్‌బెర్రీ పై 4 అనే అరచేతిలో పట్టే చిన్న కంప్యూటర్ పెట్టేశాను, ఇకమీదట దాన్ని 'పై' అనే అంటాను. బుద్ధి పుట్టినప్పుడల్లా ఫోన్‌లో లింక్ నొక్కి చూసుకుంటుంది.

ఇదిగో, కెమెరాని పక్కకి పడుకోబెట్టాను చూడండి. కింద రోడ్డు నుంచి పైన మబ్బుల దాకా ఒకే ఫ్రేములో రావాలంటే ఇదే దారి. కాకపోతే బొమ్మ కూడా పడుకునే వస్తుంది. లింక్ పంపిన కాసేపటికే పెదనాన్న ఫోన్: "ఏరా, మీ దేశంలో చెట్లు అడ్డంగా పెరుగుతాయా?"

వీడియోని మార్చే ఎఫ్ఎఫ్ఎంపెగ్ అనే ప్రోగ్రామ్‌లో ట్రాన్స్‌పోజ్=1 అని ఒక్క ముక్క రాస్తే చాలు, 90 డిగ్రీలు తిరిగిపోతుంది అంటారు. నిజమే, తిరుగుతుంది. కానీ ఆ పూట పై మీద చెయ్యి పెట్టి చూడండి. దాని వేడి 80 డిగ్రీల సెల్సియస్ దాటితే అది తన వేగం తనే తగ్గించేసుకుంటుంది, వీడియో నత్తనడక మొదలుపెడుతుంది.

ఎందుకంత కష్టం? 1920×1080 బొమ్మని కుదించకుండా సెకనుకి 30 సార్లు పంపితే సుమారు 124 ఎంబీ అవుతుంది. వెబ్‌క్యామ్ వాడే యూఎస్‌బీ 2.0 కి కాగితం మీద ఉన్న గరిష్ఠ వేగమే సెకనుకి 480 మెగాబిట్లు, అంటే 60 ఎంబీ. అందుకని వెబ్‌క్యామ్ ప్రతి ఫ్రేమునీ జేపెగ్ ఫొటోగా కుదించి పంపుతుంది. తిప్పాలంటే పై ఆ మూట విప్పాలి, తిప్పాలి, మళ్లీ కట్టాలి. సెకనుకి 30 సార్లు!

ఆ తిప్పడం కూడా చిన్న పనేం కాదండోయ్. మెమరీలో పిక్సెళ్లు, అంటే బొమ్మలోని చుక్కలు, వరసలుగా ఉంటాయి. 90 డిగ్రీలు తిప్పితే అడ్డ వరస నిలువు వరస అవుతుంది. ఒక్కో పిక్సెల్‌నీ ఒక్కో వరస దూరంలో రాయాలి. ప్రాసెసర్ ఏమో మెమరీని 64 బైట్ల ముక్కలుగా తెచ్చుకుంటుంది. ఒక ముక్క తెచ్చి, అందులో ఒక్క చుక్క మార్చి, ఇంకో ముక్క కోసం పరుగెత్తాలి. 180 డిగ్రీలకి ఈ గొడవ లేదు, వరసల్ని వెనక నుంచి చదివితే సరి. పై సొంత కెమెరాలకి వాడే రొటేషన్ ఆప్షన్ కూడా 0, 180 మాత్రమే ఒప్పుకుంటుంది.

ఇక్కడికొచ్చాక ఏం కొన్నా రూపాయల్లోకి మార్చి గుండె పట్టుకోవడం మనకి అలవాటే కదా. పై దగ్గర కూర్చుంటే నేను ప్రతిదాన్నీ సీపీయూ, అంటే ప్రాసెసర్, పడే కష్టంలోకి మారుస్తాను. ఆ లెక్కన అన్నిటికంటే చవకైన తిప్పుడు, అసలు పై తిప్పకపోవడం. బొమ్మని వచ్చినట్టే పంపేసి, వెబ్ పేజీలో ఏది ఎలా కనిపించాలో చెప్పే సీఎస్ఎస్‌తో ట్రాన్స్‌ఫార్మ్, రొటేట్ 90 డిగ్రీలు అని పెట్టాను. తిప్పేది అమ్మ ఫోన్‌లోని గ్రాఫిక్స్ చిప్పు, పై మీద భారం సున్నా. ఒక్కటే చూసుకోవాలి: బొమ్మ తిరుగుతుంది గానీ పేజీలో దాని జాగా తిరగదు. వెడల్పు, ఎత్తు మనమే మార్చకపోతే కింద రాసిన అక్షరాల మీదకెక్కి కూర్చుంటుంది.

అమ్మ ఇప్పుడు కిటికీ కంటే నన్నే ఎక్కువ కాపలా కాస్తోంది. గది లైటు వెలుగు అద్దం మీద పడుతుంది కదా, అది చూసి "రాత్రి రెండింటిదాకా ఏం చేస్తున్నావమ్మా?" అని మెసేజ్. మాకు రాత్రి, వాళ్లకి పగలు. అడిగే మనిషి ఉందని తిట్టించుకోవడం కూడా బాగానే ఉంటుంది లెండి. సరే, అసలు విషయానికి వద్దాం.

పెదనాన్నకి ఫోన్ చాలదు, టీవీలోనే చూడాలి. ఆ టీవీ ప్లేయర్‌కి సీఎస్ఎస్ లాంటివేం తెలియవు. హెచ్.264 అనే పద్ధతిలో కుదించిన వీడియో స్ట్రీమ్ లోపలే "నన్ను తిప్పి చూపించు" అని గుర్తు పెట్టొచ్చు గానీ, చాలా ప్లేయర్లు పట్టించుకోవు. లిబ్‌జేపెగ్-టర్బో అనే సాఫ్ట్‌వేర్‌తో జేపెగ్‌ని పూర్తిగా విప్పకుండానే, నాణ్యత పోకుండా తిప్పొచ్చు, నాకు భలే నచ్చింది. కానీ దానికి కొలతలు 8తోనో 16తోనో శేషం లేకుండా తెగాలి. 1280, 720 రెండూ 16తో తెగుతాయి, 1080 తెగదు, అంచు దగ్గర పేచీ. పైగా టీవీకి కావాల్సింది హెచ్.264.

కాబట్టి ఆయన ఒక్కరి కోసం పై చేతే తిప్పిస్తున్నాను, ముందు బరువు తగ్గించి. కెమెరానే 1280×720 లో, సెకనుకి 10 ఫ్రేములు అడిగాను. ముందు అడిగినదాంట్లో సుమారు ఏడో వంతు పిక్సెళ్లే ఇవి. తిప్పాక హెచ్.264 చేయడానికి పై 4 లో హార్డ్‌వేర్ ఎన్‌కోడర్, అంటే వీడియోని కుదించడానికే ఉన్న విడి భాగం, ఉంది, ఎఫ్ఎఫ్ఎంపెగ్‌లో దాని పేరు హెచ్264 వీ4ఎల్2ఎం2ఎం. పై 5 కొందామనుకునేవాళ్లు చూసుకోండి, అందులో ఆ ఎన్‌కోడర్ తీసేశారు. ఇంకోటి, టీవీ అడిగినప్పుడే ఇదంతా నడుస్తుంది, ఆయన ఆపేస్తే ఆగిపోతుంది.

చెట్లు నిలబడ్డాయి, పెదనాన్న శాంతించారు. ఇప్పుడేమో వీధి చప్పుడు కూడా వినాలట, మైక్ పెట్టమంటున్నారు. నేను ఫోన్‌లో అమ్మతో వాదించుకునేది కూడా వినిపిస్తుంది కాబట్టి, అది మాత్రం పెట్టను.