తెల్ల చొక్కాల జనసంద్రం: కాగితాలు లేనివాళ్లు పట్టపగలు వీధిలోకి ఎందుకొచ్చారు?

[తెరపై: లాస్ ఏంజెలెస్ సిటీ హాల్, పైనుంచి తీసిన దృశ్యం. వీధుల నిండా తెల్ల చొక్కాలు]

2006 మార్చి 25, శనివారం. లాస్ ఏంజెలెస్ నడిబొడ్డున కనుచూపు మేర తెల్ల చొక్కాలే. పోలీసుల లెక్క ప్రకారమే 5 లక్షల మంది. హోటళ్లలో గిన్నెలు కడిగేవాళ్లు, ఇళ్లు శుభ్రం చేసేవాళ్లు, కట్టడాల దగ్గర కూలి పని చేసేవాళ్లు. వాళ్లలో ఎంతోమందికి వీసా లేదు, గ్రీన్ కార్డు లేదు. పోలీసు కారు కనిపిస్తే పక్క సందులోకి తప్పుకుని బతికిన మనుషులు ఆ రోజు పిల్లల్ని భుజాలకెత్తుకుని టీవీ కెమెరాల ముందు నడిచారు.

అంత ధైర్యం ఎక్కడిది? ఒక బిల్లు మీద పుట్టిన భయంలోంచి వచ్చింది.

[తెరపై: అమెరికా పార్లమెంటు భవనం. అక్షరాలు: హెచ్.ఆర్. 4437]

2005 డిసెంబర్ 16న ప్రతినిధుల సభ 239–182 ఓట్లతో ఈ బిల్లును ఆమోదించింది. తెచ్చింది విస్కాన్సిన్ రిపబ్లికన్ జేమ్స్ సెన్సెన్‌బ్రెనర్. మెక్సికో సరిహద్దులో కంచె కట్టాలని అందులో ఉంది. కానీ జనాన్ని వణికించింది కంచె కాదు.

ఇక్కడ కాస్త ఆగి చట్టం సంగతి చూద్దాం. "ఇల్లీగల్" అనే ఒక్క మాటలో మనం చాలా కలిపేస్తున్నాం. అమెరికా చట్టంలో దొంగచాటుగా సరిహద్దు దాటడం, మొదటిసారైతే, చిన్న నేరం. వీసా మీద వచ్చి, గడువు తీరాక ఉండిపోవడం మామూలుగా క్రిమినల్ నేరమే కాదు. దొరికితే వెనక్కి పంపేస్తారు. అది కూడా పెద్ద దెబ్బే, కానీ జైలు శిక్ష కాదు. ఈ బిల్లు ఆ తేడాను చెరిపేసి, కాగితాలు లేకుండా దేశంలో ఉండటాన్నే ఫెలనీ చేస్తానంది. ఫెలనీ అంటే దోపిడీలాంటి వాటి వరుసలో ఉండే పెద్ద నేరం. వాళ్లకు తెలిసి సాయం చేసినవాళ్ల మీదా కేసు పెట్టే వీలుంది. ఆకలితో వచ్చినవాడికి అన్నం పెట్టేముందు కాగితాలు అడగాలా అని చర్చిలు కంగారుపడ్డాయి. అలాంటి చట్టం వస్తే పాటించొద్దని ఫాదర్లకు చెబుతానని లాస్ ఏంజెలెస్ కార్డినల్ రోజర్ మహోనీ బహిరంగంగా ప్రకటించారు.

[తెరపై: రేడియో స్టూడియో, మైకు]

ఇంత జనాన్ని ఏ పార్టీ పోగేయలేదు. రేడియో పోగేసింది. పొద్దున్నే పనికి వెళ్తూ వీళ్లు వినే స్పానిష్ షోలు. "పియోలీన్" అనే పేరుతో పిలిచే ఎడ్డీ సొటెలో వాటిలో పెద్ద గొంతు. ఆయనా 1986లో కారు డిక్కీలో దాక్కుని సరిహద్దు దాటినవాడే. శ్రోతల కోసం రోజూ పోటీపడే యాంకర్లు ఈసారి ఒక్కటయ్యారు. తెల్ల బట్టలు వేసుకోండి, అమెరికా జెండా పట్టుకోండి, చెత్త ఎత్తడానికి సంచి తెచ్చుకోండి అని చెప్పారు. ఆ చెత్త సంచి మాట నన్ను కదిలిస్తుంది. ఇల్లు మనది కానప్పుడు ఎంత ఒద్దికగా ఉంటామో అందులో ఉంది.

అయినా మెక్సికో జెండాలు కనిపించాయి. టీవీ చర్చలన్నీ వాటి చుట్టూనే తిరిగాయి. మా దేశంలో హక్కులు అడుగుతూ వేరే జెండా ఎందుకని చాలామంది మండిపడ్డారు. ఏప్రిల్ 10న వందకు పైగా ఊళ్లలో ఊరేగింపులు జరిగినప్పుడు అమెరికా జెండాలే ముందుకొచ్చాయి. మర్నాడే, ఏప్రిల్ 11న, రిపబ్లికన్ నాయకులు, ప్రతినిధుల సభ స్పీకర్ హాస్టర్ట్, సెనేట్ నాయకుడు ఫ్రిస్ట్ ఉమ్మడి ప్రకటన ఇచ్చారు: ఫెలనీ చేసే ఉద్దేశం లేదని.

[తెరపై: మూతపడిన దుకాణాలు, ఖాళీ ప్లాంటు]

తర్వాత మే 1. ఆ రోజు పనికి వెళ్లొద్దు, ఏమీ కొనొద్దు అన్న పిలుపు. మనకు మే డే అంటే ఎర్రజెండాలు గుర్తొస్తాయి కానీ, దాని పుట్టిల్లు 1886 నాటి చికాగో. అప్పుడు ఎనిమిది గంటల పనిదినం కోసం ముందు నిలబడ్డవాళ్లలో చాలామంది జర్మనీ నుంచి వలస వచ్చినవాళ్లు. అమెరికా కార్మిక దినం మాత్రం సెప్టెంబరులో జరుపుకుంటుంది. 120 ఏళ్ల తర్వాత మే డేని అక్కడికి మళ్లీ తెచ్చింది వలస కూలీలే. టైసన్, కార్గిల్ లాంటి మాంసం కంపెనీలు ఆ రోజు కొన్ని ప్లాంట్లు మూసుకోవాల్సి వచ్చింది. అయితే ఉద్యమంలో అందరిదీ ఒకే మాట కాదు. పని, బడి మానొద్దు, సాయంత్రం నడుద్దాం అన్నది మహోనీ పక్షం.

[తెరపై: 1986, సంతకం చేస్తున్న రీగన్]

ఈ ఊరేగింపులను వ్యతిరేకించినవాళ్ల కోపానికీ మూలం ఉంది, దాన్ని కొట్టిపారేయకూడదు. 1986లో రీగన్ కాలంలో సుమారు 27 లక్షల మందికి చట్టబద్ధంగా ఉండే హక్కు ఇచ్చారు. బదులుగా, కాగితాలు లేనివాళ్లను తెలిసి పనిలో పెట్టుకునే యజమానిని శిక్షిస్తామన్నారు. ఆ "తెలిసి" అన్న మాటే కన్నమైంది. నకిలీ కార్డు చూపించాడు, అసలుదనుకున్నాను అంటే యజమాని బయటపడేవాడు. 20 ఏళ్లకు కాగితాలు లేనివాళ్లు కోటీ 10 లక్షలు దాటారు. ఒకసారి మోసపోయాం, మళ్లీనా అన్నవాళ్ల ప్రశ్న అదే. కూలి రేట్లు పడిపోతాయన్న భయం కూడా కొత్తది కాదు. కూలీల నాయకుడు సీజర్ చావెజే సమ్మెలు విరగ్గొట్టడానికి తెచ్చిన కాగితాల్లేని కూలీలను ఒకప్పుడు వ్యతిరేకించాడు. ఆయన సంఘం నినాదం "సీ సె పుయెదే", అంటే "మన వల్ల అవుతుంది". 2006లో వీధుల్లో మోగింది అదే నినాదం.

[తెరపై: హైదరాబాద్ విమానాశ్రయం, సూట్‌కేసులు]

"మనవాళ్లు లైన్లో నిలబడి వెళ్లారు, వాళ్లూ అలాగే రావొచ్చుగా" అని మన ఇళ్లల్లో చాలాసార్లు విన్నాను. కానీ గిన్నెలు కడిగేవాడికి ఆ లైనే దాదాపు లేదు. నైపుణ్యం అక్కర్లేని పనులకు ఇచ్చే గ్రీన్ కార్డులు ఏడాదికి 10 వేలకు మించవు. ఇక మన లైను? 2011 జనవరిలో కాలిఫోర్నియాలోని ట్రై-వ్యాలీ యూనివర్సిటీని వీసా మోసం ఆరోపణల మీద అధికారులు మూయించినప్పుడు అక్కడి విద్యార్థుల్లో ఎక్కువమంది ఆంధ్రప్రదేశ్ పిల్లలే. వీసా తీసుకుని, ఫీజు కట్టి వెళ్లినవాళ్లు. రాత్రికి రాత్రే "అవుట్ ఆఫ్ స్టేటస్" అయ్యారు, అంటే అక్కడ ఉండే హక్కు పోయింది. కొందరి కాళ్లకు రేడియో ట్యాగులు తగిలించారు. ఆ ఫొటోలు చూసి తల్లిదండ్రులు పడ్డ టెన్షన్ మనకు తెలుసు. స్టేటస్ అనేది మనిషి గుణం కాదు, ఒక కాగితం. ఆ కాగితం ఎవరి చేతిలోంచైనా జారిపోవచ్చు. ఈ వీడియో చేయడానికి కారణం ఇదే.

[తెరపై: సరిహద్దు కంచె]

మరి ఊరేగింపులు ఏం సాధించాయి? ఫెలనీ బిల్లు పై సభ అయిన సెనేట్ గడప దాటలేదు. కాగితాలకు దారిచూపే వేరే బిల్లును సెనేట్ మే 25న 62–36తో ఆమోదించింది, కానీ ప్రతినిధుల సభ దాన్ని చేపట్టలేదు. అక్టోబర్ 26న బుష్ సంతకం చేసింది 700 మైళ్ల కంచె చట్టం మీద. డిసెంబర్ 12న ఆరు మాంసం ప్లాంట్లలో దాడులు చేసి సుమారు 1,300 మందిని పట్టుకెళ్లారు. 2007 జూన్‌లో ఇంకో ప్రయత్నం సెనేట్‌లోనే ఆగిపోయింది. చెడు చట్టాన్ని వీధి ఆపగలిగింది. మంచి చట్టాన్ని తేవడానికి ఓట్లు కావాలి, నడిచినవాళ్లలో చాలామందికి ఓటే లేదు. "ఈరోజు నడుస్తాం, రేపు ఓటేస్తాం" అని ప్లకార్డుల మీద రాసుకున్నది అందుకే.

[తెరపై: తండ్రి భుజం మీద చిన్నపిల్లాడు, చేతిలో కాగితపు జెండా]

ఆ రోజు భుజాల మీద ఉన్న ఐదేళ్ల పిల్లలు ఇప్పుడు పాతికేళ్ల వయసులో ఉన్నారు. అమెరికాలో పుట్టినవాడు ఓటేస్తున్నాడు. చంటిబిడ్డగా సరిహద్దు దాటి వచ్చినవాడికి, అదృష్టం బాగుంటే, 2012లో ఒబామా మొదలుపెట్టిన డాకా (DACA) పథకం కింద దేశంలో ఉండి పనిచేసుకోవడానికి రెండేళ్లకోసారి పొడిగించుకునే అనుమతి ఉంది. ఎన్నో ఇళ్లల్లో ఆ ఇద్దరూ అన్నదమ్ములే.