మా దొడ్లో పడ్డ పొన్నంకి పిట్ట

నమస్తే అండి. మాది అమలాపురం దగ్గర పల్లెటూరు, ఇంటి చుట్టూ కొబ్బరి తోట, మధ్యలో కోకో. ఓసారి దసరా సెలవుల్లో పొద్దున్నే మోటారు షెడ్డు వైపు వెళ్తుంటే వెనకనుంచి అమ్మమ్మ కేక: "ఒరేయ్ ఆగు, తొక్కేస్తావ్!"

చూస్తే ఎండాకుల్లో ఓ పిట్ట. గోరింక కన్నా చిన్నది, తోక ఉందా లేదా అన్నట్టుంది. వీపు ఆకుపచ్చ, రెక్క మీద నీలి మచ్చ, కళ్లకి కాటుక గీత, తోక కింద కుంకుమ పూసినట్టు ఎరుపు. హిందీవాళ్లు నవరంగ్ అనేది దీన్నే.

(తెర మీద పిట్ట ఫొటో)

మనకిది పొన్నంకి పిట్ట. 1713లో లండన్‌లో అచ్చయిన జాన్ రే అనే ఇంగ్లీషు ప్రకృతి శాస్త్రవేత్త పుస్తకంలో, మద్రాసు నుంచి వెళ్లిన బొమ్మల వల్ల, ఇదే పేరు ఇంగ్లీషు అక్షరాల్లో ఎక్కింది. 1766లో, జీవులకి శాస్త్రీయ పేర్లు పెట్టిన స్వీడన్ ఆయన లిన్నేయస్ దీన్ని కాకుల జాతిలో వేసేశాడు (ఏం చూసి వేశాడో మరి!), 1816లో వియెయో అనే ఫ్రెంచాయన వేరు చేసి జాతికి 'పిట్టా' అని పేరు పెట్టాడు. అంటే ఆగ్నేయాసియాలోనూ ఆస్ట్రేలియాలోనూ ఉన్న దీని చుట్టాలన్నిటినీ ప్రపంచం మన తెలుగు మాటతోనే పిలుస్తోందండి.

హిమాలయాల దిగువ అడవుల్లోనూ మధ్య భారతంలోనూ వానాకాలంలో ఎండాకులు, గడ్డితో బంతిలాంటి గూడు కట్టి, పక్కనుంచి దారి పెట్టి, నాలుగైదు గుడ్లు పెడుతుంది. వానలు తగ్గాక దక్షిణాదికి, కొన్నయితే సముద్రం దాటి శ్రీలంక దాకా. ప్రయాణమంతా రాత్రిపూటే, అందుకే అలిసిపోయో, లైట్లకి తికమకపడో ఇళ్లల్లో, దొడ్లల్లో ఇలా పడిపోతుంటాయి.

తిండంతా నేల మీదే. ఆకులు తిరగేసి పురుగులూ వానపాములూ ఏరుకుంటుంది, కోకో చెట్ల కింద మనం ఊడవకుండా వదిలేసే ఆకు దానికి విందు భోజనమే. పొద్దున్నా సాయంత్రం మసకవెలుగులో రెండు ముక్కల ఈల వేస్తుంది, తమిళంలో ఏకంగా 'ఆరు గంటల పిట్ట' అంటారు. పాటల పిట్టలు పెద్దవాటి దగ్గర విని నేర్చుకుంటాయి కదా, ఇది వాటికి దూరపు చుట్టం, ఈ పిట్టలకి కూత పుట్టుకతోనే వస్తుందంటారు.

సరే, మా పిట్ట సంగతి. పిల్లి భయానికి అట్టపెట్టెలో పెట్టి, నాలుగు చిల్లులు పొడిచి, చీకటి గదిలో ఉంచాం. నేను గంటకోసారి తెరిచి చూద్దామంటే అమ్మమ్మ ఒప్పుకోలేదు, దాని టెన్షన్ దానికి చాలదా అంది. సాయంత్రం మూత తీస్తే చెంగుచెంగున గెంతి కోకో చెట్ల కిందకి పోయింది. కాసేపు ఆకులు తిరగేస్తున్న చప్పుడు, తర్వాత ఒక్క ఈల.

ఫోన్ తీసి చూశా. ఆరుకి ఐదు నిమిషాలు తక్కువ.