ఇంజిన్ ఠక్కున ఆగిపోతే

శ్రోతలందరికీ నమస్కారం.

క్వారీలోనో, చెరువు పూడికతీత దగ్గరో పనిచేస్తున్న ప్రొక్లెయిన్ ఉన్నట్టుండి పెద్ద చప్పుడుతో ఆగిపోతుంది. ఓనరుకు ఫైనాన్స్ వాయిదా గుర్తొస్తుంది, ఆపరేటరుకు టెన్షన్ మొదలవుతుంది. ఆ కంగారులో ఎక్కువమంది చేసే పని మళ్లీ సెల్ఫ్ కొట్టడం. దయచేసి ఆ పని చేయకండి. లోపల పిస్టన్‌ను క్రాంక్ అనే ఇరుసుకు కలిపే కనెక్టింగ్ రాడ్ విరిగి ఉంటే, ఆ ఒక్క తిప్పుతో ఇంజిన్ బ్లాకుకు చిల్లు పడొచ్చు.

ముందు ఆపరేటరును అడగండి, అదీ నిందించకుండా. లోడు మీద ఆగిందా, పొద్దున మొదటి స్టార్టింగులోనా? ఆయిల్ ప్రెషర్ లైటు వెలిగిందా? చప్పుడు అంతకు ముందు నుంచే ఉందా? రోజంతా ఆ సీట్లో కూర్చునే మనిషి చెవికి తెలిసినంత ఇంకెవరికీ తెలియదు.

తర్వాత డిప్‌స్టిక్ తీసి చూడండి. ఆయిల్ తెల్లగా, చిక్కగా మారితే నీళ్లు కలిశాయి. పలచబడి, లెవెల్ పెరిగి, డీజిల్ వాసన వస్తుంటే ఇంధనం లోపలికి కారుతోంది. ఆయిల్ ఫిల్టర్‌ను కోసి, మడతలు విప్పి వెలుతురులో చూడండి. మెరిసే రజను కనిపిస్తే అయస్కాంతం పెట్టండి. అంటుకుంటే ఇనుము, అంటే గేర్లో, రింగులో, క్రాంకో అరిగి ఉండొచ్చు. అంటుకోకపోతే బేరింగులను అనుమానించాలి.

ఇప్పుడు బ్యాటరీ కనెక్షన్ తీసేసి, ముందున్న క్రాంక్ పుల్లీ బోల్టుకు పానా వేసి ఇంజిన్‌ను చేత్తో తిప్పమనండి. కదలకపోతే వెంటనే సీజ్ అయిందని, అంటే లోపలి భాగాలు పట్టేశాయని తేల్చేయకూడదు. సిలిండర్లలోకి డీజిల్ చిమ్మే నాజిళ్లు విప్పి, మొహం పక్కకు పెట్టుకుని మళ్లీ తిప్పాలి. ఆ రంధ్రంలోంచి నీళ్లు చిమ్మి ఇంజిన్ తిరిగితే, సిలిండర్లో నీళ్లు నిండడమే అసలు సంగతి. గాలి నొక్కితే నొక్కుకుంటుంది, నీళ్లు నొక్కుకోవు. లీటరు సిలిండరు, 17 వంతుల కంప్రెషన్ (గాలిని పదిహేడో వంతుకు నొక్కడం) ఉన్న ఇంజిన్లో పిస్టన్ పైకొచ్చినప్పుడు మిగిలే చోటు 60 మిల్లీలీటర్ల పైచిలుకే. చిన్న టీ గ్లాసుడు నీళ్లు చాలు, రాడ్ వంగిపోతుంది.

ఆ నీళ్లు వానవల్లే వస్తాయనుకోకండి. రేడియేటర్లో కూలెంట్ బదులు బోరు నీళ్లు పోసే అలవాటు మన దగ్గర చాలా ఉంది. పిస్టన్ ఆడే గొట్టమైన లైనర్ చుట్టూ ఆ నీళ్లే తిరుగుతాయి. పిస్టన్ దెబ్బలకు లైనర్ అదురుతుంటే దాని బయటి గోడ మీద సన్నటి బుడగలు పుట్టి పగులుతుంటాయి. పగిలిన ప్రతిసారీ ఇనుమును రవ్వంత కొరుకుతాయి. మంచి కూలెంట్‌లోని మందు అక్కడ రక్షణ పొరను కడుతుంది, ఉత్త నీళ్లకు ఆ శక్తి లేదు. కొన్నాళ్లకు సూదిమొనంత చిల్లు పడుతుంది. రాత్రి బండి ఆపాక నీళ్లు మెల్లగా లోపలికి చేరతాయి. పొద్దున సెల్ఫ్ కొట్టగానే ఠక్.

ఇక ఇంజిన్ అడుగున ఆయిల్ నిలిచే చాంబర్ విప్పాక విరిగిన రాడ్ చూసి 'రాడ్ పోయింది' అంటే సరిపోదు. ఎందుకు పోయిందో మిగతా బేరింగులు చెబుతాయి. అన్నీ గీసుకుపోయి, క్రాంక్ నీలం రంగు తిరిగి ఉంటే ఆయిల్ అందలేదు. పంపు, సక్షన్ జాలీ చూడాలి. ఒక్కటే మాడి మిగతావి బాగుంటే, దానికి ఆయిల్ వెళ్లే దారో, బోల్టు బిగింపో అనుమానించాలి. బేరింగులు బాగుండి రాడ్ వంగితే నీళ్ల పని అయ్యుండొచ్చు. నీళ్లకు కొద్దిగా వంగిన రాడ్ చాలా రోజులు నడిచి, ఏదో ఒక రోజు లోడు మీద విరుగుతుంది. ఆ రోజు డ్యూటీలో ఉన్న ఆపరేటరు జీతం కోయడం అన్యాయం.

చివరగా ఒక మాట. ఇంజిన్ పనంతా చేయించి, పాత ఆయిల్ కూలర్‌నే తిరిగి బిగిస్తుంటారు. దాని సన్నటి దారుల్లో ఇరుక్కున్న ఇనుప రజను ఎంత కడిగినా పూర్తిగా పోదు. అదే ఆయిల్‌తోపాటు కొత్త బేరింగుల్లోకి వెళుతుంది. ఆ కూలర్‌ను మార్చేయమనే చెప్పండి. ఇంజిన్లోకి గాలి నెట్టే టర్బో విరిగి ఉంటే, ఆ గాలిని చల్లార్చే ఇంటర్‌కూలర్‌నూ విప్పించి, రెక్కల ముక్కలు లేవని మీ కళ్లతో చూసుకున్నాకే ఇంజిన్ స్టార్ట్ చేయించండి.