బరువు, ఎత్తు, ఒక టేపు

అందరికీ నమస్కారం. ఎత్తుకు తగ్గ బరువుందో లేదో చెప్పే అంకె బీఎంఐ. అదెంతో ఫోన్‌లో చూసుకుని, వెంటనే మూసేసినవాళ్లు ఇక్కడ చాలామందే ఉంటారు. ముందు ఆ లెక్కేదో ఇక్కడే వేద్దాం.

60 కిలోల బరువు, 1.55 మీటర్ల ఎత్తు అనుకోండి. ఎత్తును ఎత్తుతో హెచ్చవేస్తే 2.40. బరువును దానితో భాగిస్తే 25. అదే మనిషి చెప్పులతో నిలబడి 1.58 అని రాయించుకుంటే 24కి దిగుతుంది. ఒళ్లు తగ్గలేదు, మడమలు లేచాయంతే! చెప్పులు విప్పి, మడమలు గోడకు ఆనించి కొలవమనేది అందుకే.

18.5 లోపు తక్కువ బరువు, 25 నుంచి ఎక్కువ, 30 నుంచి ఊబకాయం. ఇవి ప్రపంచ ఆరోగ్య సంస్థ గీసిన గీతలు. ఆసియా వాళ్లకు షుగరు, గుండె జబ్బుల ముప్పు ఇంకా ముందే మొదలవుతుంది కాబట్టి 23 నుంచే జాగ్రత్త పడాలని 2004లో వెలువడిన ఆ సంస్థ నిపుణుల నివేదిక చెప్పింది.

ఈ సూత్రం 1830లలో బెల్జియం గణితవేత్త కెట్లే రాసింది. ఆయన చూసింది జనం సగటును, ఒక్క మనిషి ఆరోగ్యాన్ని కాదు. బాడీ మాస్ ఇండెక్స్ అని పేరు పెట్టింది 1972లో అమెరికా పరిశోధకుడు ఆన్సెల్ కీస్ బృందం. వాళ్లు కొలిచినదంతా మగవాళ్లనే! నాకు మాత్రం ఇది ఇప్పటికీ మింగుడు పడదు.

ఎందుకంటే అంకె ఒకటే అయినా మగవాళ్లకంటే ఆడవాళ్ల ఒంట్లో కొవ్వు శాతం ఎక్కువ. అది జబ్బు కాదు, శరీర స్వభావం. అది ఎక్కడ చేరిందన్నదే అసలు ప్రశ్న. తొడల దగ్గరి కొవ్వుతో అంత భయం లేదు, పొట్ట లోపలిదే ప్రమాదం. నెలసరి ఆగే వయసులో ఈస్ట్రోజెన్ అనే హార్మోన్ తగ్గి కొవ్వు నడుముకు చేరుతుంది, కండ కరుగుతుంది. తూకం మారదు, పాత బట్టలు మాత్రం పట్టవు. అప్పుడు బీఎంఐ కంటే టేపే నిజం చెబుతుంది. చివరి పక్కటెముకకూ తుంటి ఎముకకూ నడుమ, ఊపిరి మామూలుగా వదిలాక కొలవండి. ఆసియా మహిళలకు 80 సెంటీమీటర్లు దాటితే డాక్టరుతో మాట్లాడాలి.

కడుపుతో ఉన్నప్పుడు ఈ లెక్క వేయకండి. గర్భానికి ముందున్న అంకెను బట్టి ఎంత బరువు పెరగాలో డాక్టరు చెబుతారు.

సన్నగా ఉన్నవాళ్లను మనం మెచ్చుకుని వదిలేస్తాం. 18.5 లోపు ఉన్న అమ్మాయికి మూడు నెలలుగా నెలసరి రాకపోతే ఎముకలు కూడా బలహీనపడుతుండొచ్చు. మెచ్చుకోవడం ఆపి డాక్టరు దగ్గరికి తీసుకెళ్లండి.

టేపు ఈ బల్ల మీదే ఉంది. ముందు ఎవరొస్తారు?