నిమ్మమొక్కకు నీళ్లెక్కువైతే

అందరికీ నమస్కారం. ఎండ ముదరకముందే ముగించాలని ముందే చెప్పారు కాబట్టి నేరుగా కుండీ దగ్గరికే వస్తాను.

ఈ నిమ్మమొక్క మా మిద్దె మీదది. పోయిన వానకాలంలో దీన్ని దాదాపు చంపేసింది నేనే. ఆకులు వేలాడితే దాహమేమో అనుకుని పొద్దున ఒక చెంబు, సాయంత్రం ఒక చెంబు పోశాను. పోసినకొద్దీ ఇంకా వాడింది. చివరికి కుండీ వంచి చూస్తే అడుగున రంధ్రం పూడిపోయి ఉంది, లోపలి నుంచి మురికికాలువ వాసన.

నీళ్ల విషయంలో మన నల్లగొండోళ్లకు ఒక బలహీనత ఉంది. బిందెలు పట్టుకుని వరసల్లో నిలబడి పెరిగినవాళ్లం. ఇప్పుడు నల్లా తిప్పితే నీళ్లొస్తుంటే చెట్టుకు పోయకుండా చెయ్యి ఆగదు. ప్రేమే, కాదనను. కానీ వేరుకు నీళ్లతోపాటు గాలీ కావాలి. మట్టి రేణువుల సందుల్లో ఉండే గాలితోనే అది ఊపిరి పీలుస్తుంది. ఆ సందులన్నీ నీళ్లతో నిండితే ఆక్సిజన్ అందదు, ఎందుకంటే అది గాలిలో కదిలేదానికంటే నీళ్లలో దాదాపు 10,000 రెట్లు నెమ్మదిగా కదులుతుంది. ఊపిరాడని వేరు కుళ్లుతుంది. కుళ్లిన వేరు నీళ్లు తాగలేదు. అందుకే తడిలో నిలబడి కూడా ఆకులు వాడతాయి, మనమేమో ఇంకో చెంబు పోస్తాం.

దాహంతో వాడిన మొక్క కుండీ తేలిగ్గా ఉంటుంది, మట్టి అంచుల నుంచి విడిపోయి ఉంటుంది. నీళ్లెక్కువైన కుండీ బరువుగా ఉంటుంది, ఆకులు పసుపెక్కి రాలతాయి. అనుమానం తీరకపోతే పక్కన కాస్త తవ్వి సన్నవేరు పట్టుకుని లాగండి. పైతోలు జారిపోయి లోపలి దారం మిగిలితే అది కుళ్లింది.

ముందు రంధ్రాలు తెరవండి. కుండీని ఒక పక్కకు ఒరిగించి ఒక పూట ఉంచితే నిలిచిన నీళ్లు చాలావరకు కారిపోతాయి. తొందరగా ఆరుతుందని మండే ఎండలో పెట్టకండి. ఆకులు నీళ్లు అడుగుతాయి, ఇవ్వడానికి వేర్లు లేవు. నీడపట్టున, గాలి తగిలే చోట ఉంచండి. వాసన వస్తుంటే మట్టి మార్చక తప్పదు. కుళ్లిన వేర్లు కత్తిరించి, రెండు పాళ్లు ఎర్రమట్టి, ఒక పాలు ఇసుక, ఒక పాలు బాగా మాగిన పశువుల ఎరువు కలిపి నాటండి. నల్లరేగడి చేనుకు బంగారమే, కుండీలో మాత్రం వద్దు. ఇంకా పెద్ద కుండీలోకి కూడా మార్చకండి. వేర్లు తక్కువ, మట్టి ఎక్కువ అయితే తడి ఆరదు.

తర్వాత నీళ్లు ఎన్ని రోజులకోసారి అని అందరూ అడుగుతారు. రోజుల లెక్క లేదు. మే నెలలో మన 44 డిగ్రీల ఎండకు రోజూ కావచ్చు, ముసురు పట్టినప్పుడు వారమైనా అక్కర్లేకపోవచ్చు. వేలు రెండు అంగుళాలు దించండి, తడి తగిలితే వెనక్కి వెళ్లిపోండి. పోసిన రోజు మాత్రం అడుగు నుంచి కారేదాకా పోయండి. పళ్లెంలో నిలిచినవి పారబోయండి. రోజూ ఒక గుక్క పోస్తే పైమట్టే తడుస్తుంది.

మన జిల్లా బత్తాయి రైతును అడగండి. పూత కోసం తోటకు కావాలనే బెట్ట పెడతాడు, అంటే కొన్నాళ్లు నీళ్లు ఆపుతాడు. మొదలుకు నీళ్లు తగలకుండా రెండు వలయాల పాదు చేస్తాడు. నిమ్మజాతికి కాస్త దాహం పరవాలేదు, నిలువనీరే పడదు.

ఎరువు సంగతి. కొత్త చిగురు వచ్చేదాకా ఏమీ వేయకండి, అది పథ్యం. బలం రావాలని యూరియా చల్లితే అది మిగిలిన వేర్లను కూడా మాడ్చేస్తుంది. చిగురు కనబడ్డాక గుప్పెడు వర్మీకంపోస్టు చాలు. నత్రజని, భాస్వరం, పొటాష్ సమపాళ్లలో ఉండే 19-19-19 ఎరువు వాడాలనుకుంటే లీటరుకు ఒక గ్రాము, పదిహేను రోజులకోసారి, అదీ తడి మట్టి మీద. రాలిన ఆకుల గురించి టెన్షన్ పడకండి, కొత్తవి ఎలా వస్తున్నాయో చూడండి.

ఆ కొత్త ఆకు పసుపుగా ఉండి ఈనెలు మాత్రం పచ్చగా ఉంటే అది సాధారణంగా ఇనుము లోపం. మన బోరు నీళ్లు చాలాచోట్ల గట్టినీళ్లు. క్షారం ఎక్కువైతే మట్టిలో ఇనుమున్నా వేరుకు అందదు. ఇక్కడే ఒక మాట. ఆర్వో ఫిల్టర్ వదిలే నీళ్లు వృథా చేయడమెందుకని కుండీల్లో పోస్తుంటారు. ఫ్లోరైడ్‌తో సహా మనం తాగకూడదనుకున్న ఉప్పులన్నీ అందులోనే చిక్కబడి ఉంటాయి. వాటితో మిద్దె కడుక్కోండి. మొక్కకు వాననీళ్లు పట్టి పెట్టండి, లేదా నల్లా నీళ్లు.

ఇంక మాటలు చాలు. ఇక్కడ ఒకే సైజు కుండీలు రెండున్నాయి. ఒకదానికి నిన్న నీళ్లు పోశాను, ఇంకోదానికి పోసి నాలుగు రోజులైంది. ముందు వరసలోని అక్కా, మీరే వచ్చి రెండూ ఎత్తి చూడండి. ఏది ఏదో మట్టి ముట్టుకోకుండా చెప్పాలి.